మీరెప్పుడు కొన్నారు సార్?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. షేరు టిప్పు మాత్రం అడక్కుండానే వచ్చి ఒళ్లో పడుతుంది. పైసా ఖర్చు లేదు. పైగా 'మనవాడివని చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పకు' అన్న ఆప్యాయత ఒకటి. అద్దె రెండు రోజులు ఆలస్యమైతే ఊరుకోని ఇంటి ఓనరు, మనం కోటీశ్వరులమైపోవాలని అంత తాపత్రయపడుతున్నాడంటే కాస్త అనుమానించాల్సిందే.

టిప్పులిచ్చేవాళ్లలో మొదటి రకం ఇరుక్కుపోయినవాళ్లు. 180 రూపాయలకి కొన్నది 60కి దిగింది. అమ్మలేరు, ఇంట్లో చెప్పలేరు. అందుకని 'ఈ రేటుకి మళ్లీ దొరకదండీ' అంటూ పెళ్లి పంక్తిలో సాంబారు వడ్డించే కుర్రాడిక్కూడా సిఫారసు చేస్తారు. వీళ్లలో దుర్మార్గం లేదు, తోడు కావాలంతే. 'మీరెంతలో కొన్నారు?' అని అడిగి చూడండి. మోగని ఫోనుకి హలో అంటూ పక్కకెళ్లిపోతారు.

రెండో రకం, షేరు చేజారిపోయినవాళ్లు. వీళ్లు కొందామనుకునేలోపే అది పరుగెత్తింది. ఇక 'ప్రమోటరు తన వాటా తాకట్టు పెట్టాడట, ఆడిటరు మానేశాడట' అని మనల్ని బెదరగొడతారు. మనం హడలిపోయి అమ్మితే, దిగిన రేటుకి తాము ఏరుకుందామని. చిక్కేమిటంటే, పుకార్లన్నీ అబద్ధాలు కావు. సత్యం కంపెనీని వేలెత్తి చూపినవాణ్ని హైదరాబాదులో ఒకప్పుడు వింతగా చూసేవారు. 2009 జనవరి 7న, లెక్కలన్నీ తప్పుడువని ఒప్పుకుంటూ ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆ ఒక్కరోజే షేరు విలువలో ముప్పావు వంతుకి పైగా ఎగిరిపోయింది. ప్రమోటర్లు తాకట్టు వివరాలు బయటపెట్టి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అన్నది ఆ తర్వాతే. కాబట్టి పుకారు వింటే బెంబేలెత్తక్కర్లేదు, ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో చూసుకుంటే చాలు.

మూడో రకం అసలైన ఘనులు. ముందు చడీచప్పుడు లేకుండా కొంటారు. తర్వాత డప్పు కొడతారు. జనం ఎగబడ్డాక ఆ జనానికే అంటగట్టి చల్లగా జారుకుంటారు. 2022 జూలైలో ఒక చిన్న టీవీ కంపెనీని పెద్ద గ్రూపు కొనేస్తోందని యూట్యూబ్‌లో వీడియోలు వచ్చాయి. జనం కొంటుంటే అమ్ముకున్నవాళ్లలో ఆ కంపెనీ ప్రమోటర్లు కూడా ఉన్నారని సెబీ ప్రాథమికంగా తేల్చి, 2023 మార్చిలో 31 మందిని మార్కెట్లో అడుగుపెట్టనివ్వకుండా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

ఈ ఘనుల టిప్పులో టార్గెట్ ఉంటుంది, నష్టానికి అడ్డుకట్ట వేసే స్టాప్‌లాస్ ఉండదు. లాభాల స్క్రీన్‌షాట్ తప్పక వస్తుంది. అందులో తేదీ కత్తిరించి ఉంటుంది, పేరు మసకేసి ఉంటుంది, అంకెలన్నీ పచ్చగా నిగనిగలాడుతుంటాయి. లక్షలు ఆర్జించిన ఆ ఫోనులో బ్యాటరీ మాత్రం 4 శాతం. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'నేను సెబీ రిజిస్టర్డ్ కాదు, ఇది కేవలం అవగాహన కోసమే' అని ఉంటుంది. మొత్తం మెసేజిలో నిజం ఆ ఒక్క ముక్కే. అందులోనూ మొదటి సగమే నిజం. రిజిస్టరైన రీసెర్చ్ అనలిస్టుకి 'ఐఎన్‌హెచ్'తో మొదలయ్యే నంబరుంటుంది, సెబీ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు.

ఇకమీదట ఎవరైనా ఏం కొనాలో చెబితే, వారెప్పుడు కొన్నారో అడగండి. బ్రోకరిచ్చిన కాంట్రాక్ట్ నోట్ చూపించమనండి. చూపిస్తే ఆలోచించండి. నీళ్లు నమిలితే ఒక టీ తాగించి పంపేయండి. ఆ టీకి ఎంతవుతుందో ముందే తెలుసు కదా!