పసిబిడ్డ డొక్కలెగరేస్తోందా? తొందరేం లేదు!

బిడ్డను పెద్ద దవాఖానకు తీసుకెళ్లాలంటే మహదేవపూర్ నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల పైమాటే. కాటారం, భూపాలపల్లి, పరకాల దాటాలి, దారి పొడుగునా ఇసుక లారీలు. అంత దూరం పెట్టుకున్నవాళ్లకు ఆలస్యం చేయడం కూడా పద్ధతిగా తెలిసుండాలి. ఇంటివాళ్లకూ దవాఖానవాళ్లకూ పనికొచ్చే కొన్ని చిట్కాలు ఇవి.

పని కాన్పుకు ముందే మొదలవ్వాలి. అయ్యగారితో నక్షత్రం చూపించుకోండి. 39 వారాలు నిండేదాకా ఆగితే మంచి ఘడియ దాటిపోతుందంటే, నొప్పులు రాకముందే 37కే ఆపరేషన్ చేయించండి. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరుంటుంది. అది ఇంకిపోవడానికి నొప్పులప్పుడు ఊరే హార్మోన్లు సాయపడతాయి. నొప్పులు లేకుండా ముందే తీసిన బిడ్డకు ఒక్కోసారి ఆ నీరు ఇంకక రోజో రెండు రోజులో ఆయాసం పట్టుకుంటుంది. జాతకం మాత్రం దివ్యంగా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఆ లెక్కల్లో దేశంలో మనమే ఫస్టు. అన్నీ ముహూర్తం కోతలే అనడం లేదు గానీ, ముహూర్తానికి ఒప్పుకునే డాక్టరు దొరకడం అంత కష్టమూ కాదు.

బిడ్డ ఇంటికొచ్చాక శ్వాస లెక్కపెట్టనివ్వకండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఛాతీ మీది బట్ట తీసి, నిమిషం నిండా గడియారం చూస్తూ లెక్కపెట్టాలని, 60కి చేరితే ప్రమాదమని ఆశా కార్యకర్త అంటుంది. ఆమెను వాకిట్లోనే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పంపండి. లోపల సాంబ్రాణి పొగ దట్టంగా వేయండి. బిడ్డ ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతుంటే నిద్రలో మూలుగనుకోండి. ముక్కుపుటాలు ఎగరేస్తుంటే తాత పోలిక.

అసలు నైపుణ్యం చూపాల్సింది దవాఖానలో. అక్కడ అల్ట్రాసౌండ్ మిషన్ ఉంటే అది గర్భిణుల కడుపులు చూడ్డానికేనని తీర్మానించి, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం పేరు చెప్పి గదికి తాళం వేయండి. మిషన్‌ను రిజిస్టర్ చేయించాలని చట్టం చెబుతుంది గానీ, పుట్టిన బిడ్డ ఛాతీ చూడొద్దని చెప్పదు. ఆ బిడ్డ ఆడో మగో అప్పటికే ఊరంతా తెలిసిపోయింది కూడా. అయినా తాళం తీయకండి.

కుర్ర డాక్టరెవరైనా పట్టుబడితే, "ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుందయ్యా, గాలిలో అల్ట్రాసౌండ్ పోదు, నీకేం కనపడుతుంది?" అని అడగండి. ఇది సగం నిజం, అందుకే ఇన్నేళ్లు బాగా చెల్లింది. మిగతా సగం అతనికి తెలియనివ్వకండి. గాలి నిండిన ఊపిరితిత్తి తెర మీద అడ్డగీతలుగా కనిపిస్తుంది. తడి చేరితే తెల్లటి నిలువు చారలు దిగుతాయి. పై పొర ప్రతి శ్వాసకూ అటూ ఇటూ జారుతుంటుంది, మహదేవపూర్ దసలిపట్టు మగ్గం మీద నాడె ఆడినట్టు. ఆ జారుడు ఆగిందంటే గాలి బయటికి లీకై ఛాతీలో చేరిందేమోనని అనుమానించాలి. నీరు ఇంకని బిడ్డలో కింది భాగం చారలతో నిండి, పైభాగం తేటగా ఉండి, తరచూ నడుమ సరిహద్దు తెలిసిపోతుంది. 2007లో కోపెట్టి, కట్టరోస్సీ అనే ఇటలీ డాక్టర్లు దీన్ని వివరించారు. నెలలు నిండక, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ చాలని బిడ్డకైతే రెండు వైపులా తెల్లగా కమ్ముకుంటుంది. ఛాతీని ఆరు భాగాలు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులేసే పద్ధతి ఒకటుంది. మొత్తం 18కి. మార్కులు పెరిగేకొద్దీ సర్ఫాక్టెంట్ మందు అవసరం పడే అవకాశం పెరుగుతుంది. రేడియేషన్ లేదు, బిడ్డను వార్మర్ మీంచి కదపనక్కర్లేదు. ఇన్ని సుగుణాలున్నదాన్ని అలవాటు చేస్తే ఇక ఆగరు. "ఎక్స్‌రే ఆయన పొద్దున వస్తాడు" అనేసి పడుకోండి.

తాళం తీయక తప్పకపోతే ఇంకో దారి ఉంది. సన్నటి లీనియర్ ప్రోబ్ వదిలేసి, పెద్దల కడుపు చూసే లావు ప్రోబ్ పెట్టండి. జెల్ చల్లగా, గుప్పెడు పూయండి. బరువు తక్కువ బిడ్డకు చలి తగిలితే ఆయాసం ఇంకా ముదురుతుంది. స్కాన్ అయ్యేదాకా ఆక్సిజన్, ఊపిరికి సాయపడే సీపాప్ మిషన్ పెట్టకండి. తెర తేటగా ఉంటే, బిడ్డ నీలంగా ఉన్నా ఇంటికి పంపేయండి. గుండె జబ్బుతోనూ ఆయాసం వస్తుందని ఊపిరితిత్తుల బొమ్మ చెప్పదు కదా! మిషన్‌ను గదిలో బంధించినవాళ్ల కంటే మిషనే దేవుడనుకున్నవాళ్లు తక్కువేం తినలేదు.

చివరికి వరంగల్ పంపేటప్పుడు చీటీ మీద "ఆయాసం" అని ఒక్క ముక్క రాయండి. బరువు, పుట్టిన టైము, శ్వాస వేగం వద్దు. అవతలి దవాఖానకు ఫోనూ వద్దు. బిడ్డను పలుచటి తువ్వాలలో చుట్టి, దారిలో ఆకలేస్తుందేమోనని తేనె నాకించండి.

ఈ చిట్కాల్లో ఒక్కటీ పాటించదలచుకోనివాళ్లకు మాత్రం ఒక మాట. శ్వాస నిమిషానికి 60కి చేరినా, డొక్కలు ఎగరేసినా, మూలిగినా, నీలంగా మారినా, పాలు పట్టకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చేరిన దవాఖానలో స్కాన్ మిషన్ కనిపిస్తే, "సార్, బిడ్డ ఛాతీ కూడా ఒకసారి అందులో చూస్తారా?" అని అడగండి. అడిగినందుకు మీ మీద ఎవరూ కేసు పెట్టరు.