కాకతీయుల వంటింట్లో మిరపకాయ లేదు

చారిత్రక నాటకం రాయడానికి కూర్చున్నవాణ్ణి ముందుగా ఏడిపించేది మిరపకాయ. దాన్ని మనకి తెచ్చిన పోర్చుగీసువాళ్ల ఓడలు కోళికోడు చేరింది 1498లో. ఓరుగల్లు కోట పడిపోయింది 1323లో. అంటే ఆ కోటనేలిన ప్రతాపరుద్రుడు జన్మలో ఒక్క ముద్దయినా ఆవకాయన్నం తినకుండానే పోయాడు. ఈ సంగతి చెప్పగానే మా దర్శకుడి కళ్లు చెమర్చాయి.

"మరి కారానికి ఏం చేసేవారండీ, పాపం?"

"మిరియాలండీ."

"పప్పులోకి కూడానా!"

తరవాత బంతిపూలు. బంతి దండలు వేలాడకపోతే దర్బారుకి కళ రాదంటాడు సెట్టింగు కట్టేవాడు. ఆ పువ్వు పుట్టిల్లేమో మెక్సికో. జామ, బొప్పాయి, వేరుశనగ, పొగాకు, అన్నీ అటునుంచి వచ్చినవే. కాబట్టి చెలికత్తె జామకాయ కొరకరాదు, కావలివాడు చుట్ట ముట్టించరాదు. ఇవన్నీ తీసేస్తే స్టేజీ మీద మిగిలేవి కత్తులు. అవీ అద్దెవే. డ్రస్సులవాడు పంపే మఖమల్ కోటు పోయిన వారం దుర్యోధనుడిది, వచ్చే వారం అక్బరుది. నడుమ మా నాటకంలోని కాకతీయ రాజు గణపతిదేవుడికి రెండు రోజులు దొరుకుతుంది. దానికి వీపున జిప్పు ఉంటుంది. ఎవరికీ వెన్ను చూపని వీరుడని ఆయనకి మా ఊళ్లో పేరొచ్చింది అందుకే.

హార్మోనియం జోలికి మాత్రం నేను పోను. అది 19వ శతాబ్దంలో పారిస్‌లో పుట్టిందని అంటే పద్యం పాడే నటుడు నన్ను బతకనివ్వడు. 'వన్స్‌మోర్' అనగానే చచ్చిన పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చే నాటకరంగం మనది.

సరుకులతో పేచీ ఎలాగోలా తెగుతుంది. మనుషులతోనే తెగదు. మన నాటకాల్లో రాజులకి తాము చరిత్రలో ఉన్నామని ముందే తెలిసిపోయి ఉంటుంది. కోట 1323లో పడుతుందని 1322లో ఎవరికి తెలుసు? అప్పటి బెంగలు వానల గురించి, పిల్ల పెళ్లి గురించి అయి ఉంటాయి. మన మంత్రి మాత్రం తెర లేవగానే "మహారాజా! తమ అమ్మమ్మగారైన రుద్రమదేవి..." అని మొదలెడతాడు. ఎవరింట్లోనైనా మనవడికి అమ్మమ్మ పేరు బయటివాడొచ్చి చెబుతాడా? ప్రేక్షకులకి తెలియాలంటారు. నిజమే, కానీ ఆ మాట రాజుగారి చెవిలో అరవాలా?

వేదం వేంకటరాయశాస్త్రిగారు గ్రాంథికం వైపు నిలబడ్డ పండితులు. అయినా 1897లో రాసిన 'ప్రతాపరుద్రీయం'లో ఎవరి మాట వాళ్ల నోటే పెట్టారు. చరిత్రలో బందీ అయిన ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకుండానే నర్మద ఒడ్డున పోతే, అందులో యుగంధర మంత్రి ఆయన్ని విడిపించి తెచ్చేస్తాడు. అయినా జనం కిమ్మనలేదు. రాజు పోలికలున్న చాకలి పేరిగాడు నోరు విప్పితే, చరిత్ర పుస్తకం తిరగెయ్యాలని ఎవరికి తోస్తుంది!

నేనూ ఆ ధైర్యంతోనే మోటుపల్లి రేవు పట్టుకున్నాను. ఓడ మునిగితే కొట్టుకొచ్చిన సరుకంతా రాజుదే అనే పాత పద్ధతి ఎత్తేసి, సుంకం మాత్రం కట్టించుకుంటామని గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ శాసనం వేయించాడు. ముప్పయింట ఒక వంతు. నా నాటకంలో ఒడ్డుకి పడ్డ వర్తకుడు బట్టలు పిండుకుంటూ ఆ మాటే అడుగుతాడు. సుంకరి తలెత్తడు. "విన్నాం. మాకింకా నకలు అందలేదు" అంటాడు. తడిసిన గంధపు చెక్కలు అలాగే తూకానికి ఎక్కిస్తాడు. నీటి బరువుకీ సుంకమేనా అని వర్తకుడు లబోదిబోమంటే, "ఆరాక రా. ఆరబెట్టిన చోటుకి అద్దె అవుతుంది" అంటాడు.

రిహార్సల్లో అందరూ నవ్వారు, దర్శకుడు తప్ప.

"బాగుంది గానీ, రాజుగారు ఎప్పుడొస్తారు?"

"రారండీ. ఇది రేవు కథ."

"కోటుకి అడ్వాన్సు ఇచ్చేశామండీ!"

అందుకని ఆఖరి రంగంలో గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవుకి వేంచేసి, మోహనరాగంలో ఒక పద్యం పాడి, సముద్రం వైపు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ నిష్క్రమిస్తాడు.