‘ఓకే’ బాధితుల సంఘం తరఫున

మీ ఇంట్లోనూ ఏదో ఒక కుళాయి కారుతూనే ఉంటుంది, దాచకండి. ప్లంబరుకు ఫోన్ చేసే ఉంటారు. ‘ఓకే సార్’ అనే ఉంటాడు. ఇస్త్రీ అబ్బాయి ఓకే, గ్యాసు కుర్రాడు ఓకే, కేబులాయన ఓకే, అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు మరీ పెద్దమనిషి గనక ‘ఓకే ఓకే’. ఫోన్లోంచి తలెత్తకుండా మా సుపుత్రుడు ‘ఓకే నాన్నా’. ఇంత ఏకగ్రీవ ఆమోదం ఐక్యరాజ్యసమితిలో ఏ తీర్మానానికీ దొరకదు. బకెట్టు మాత్రం నిండుతోంది.

కరెంటు కోతకైనా ముందుగా వేళలు ప్రకటిస్తారు. ఓకేకు వేళ లేదు, తేదీ లేదు, పూచీ లేదు. మనవాళ్లు ‘చూద్దాం లెండి’ అంటే పని జరగదని వెంటనే తెలిసిపోయేది, ఆశ వదులుకుని మన దారిన మనం పోయేవాళ్లం. ఓకేలో ఆ మాత్రం నిజాయితీ కూడా లేదు.

గృహస్థు సహనానికి హద్దుంటుంది గనక, ఈ మాట పుట్టుపూర్వోత్తరాలపై ఏకసభ్య విచారణ సంఘం వేసుకున్నాను. తేలిందేమిటంటే, ఇది 1839 మార్చి 23న అమెరికాలో ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ పత్రికలో అచ్చయింది. ఆ రోజుల్లో అక్కడి పత్రికలవాళ్లకు అదో సరదా: మాటల స్పెల్లింగు కావాలని చెడగొట్టడం, చెడిన మాటలకు పొడి అక్షరాలు తీయడం, వాటిని అచ్చేసుకుని నవ్వుకోవడం. ‘ఆల్ రైట్’ అలాగే ఓ.డబ్ల్యూ. అయింది. ‘ఆల్ కరెక్ట్’లో ఏ తీసి ఓ, సీ తీసి కే పెట్టి ఓ.కే. అన్నారు. గమనించారా? అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటకు ఉన్నవే రెండక్షరాలు, ఆ రెండూ తప్పే. ఇలాంటి దాన్ని నమ్ముకుని మనం కుళాయి బాగవుతుందని కూర్చున్నాం.

ఆ సరదా పొట్టి మాటల్లో చాలావాటికి త్వరలోనే నూకలు చెల్లాయి. దీన్ని మాత్రం రాజకీయం చేరదీసింది. 1840 ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ని ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని, ఆ పేరుకు పొడి అక్షరాలు కలిసొచ్చాయని ఓ.కే. క్లబ్బు పెట్టారు. అవతలి పక్షం ఊరుకుంటుందా? ఆయన గురువు ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాదనీ, కాగితాల మీద ఆమోదముద్రగా ఓ.కే. అని గీకేవాడనీ పుకారు లేపారు. తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ కలిసి మాటను ఊరూరా మోశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. గెలిచిన హారిసన్ ప్రమాణ స్వీకారం చేసిన నెలకే కన్నుమూశాడు. ఓకేకు మాత్రం జలుబైనా చేయలేదు.

తర్వాత వారసత్వ తగాదాలు. అది అమెరికా ఆదివాసులైన చాక్టా జనం మాట అన్నారు కొందరు. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఆ నమ్మకంతోనే దాన్ని వేరే స్పెల్లింగుతో రాసేవాడు. గ్రీకు నుంచి వచ్చిందని ఒకరు, స్కాట్లండ్ నుంచని ఇంకొకరు. చివరికి కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలన్నీ తిరగేసి, 1963-64లో వ్యాసాలు రాసి బోస్టన్ గుట్టు బయటపెట్టాడు. ఇలాంటి సంతానం మాది కాదంటే మాది కాదని తప్పుకోవాల్సింది పోయి, మాదంటే మాదని పోట్లాడుకున్నారు. వాళ్ల కుళాయిలు కారవు కాబోలు.

కనుక తోటి బాధితులారా, అవతలివాడు ఓకే అనగానే ఫోన్ పెట్టేయకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరొస్తారు, వాషరు ఎవరు తేవాలి, అన్నీ అడగండి. రావడం పడకపోతే ఆ ముక్కే చెప్పమనండి. ‘కుదరదండీ’ అనే మాట మన భాషలో ఇంకా చలామణిలోనే ఉంది.