నూడుల్సు పరీక్షాధికారము

కోనసీమలో భోజనముపై విమర్శ యనునది లేదు. ఉండుటకు వీలును లేదు. పనసపొట్టు కూరలో ఆవ ఒకింత ఘాటెక్కినదని పంక్తిలో కూర్చున్నవాడు నోరు జారినచో, వడ్డించుచున్న పిన్నిగారి మొగము చిన్నబోవును, లోపలినుండి మరియొక గిన్నె వచ్చును, అందలిది బాగున్నదని ఒప్పుకొనువరకు అతిథిని విస్తరిముందునుండి లేవనీయరు. పోనీ, బాగున్నదని మొదటనే అందమా, ఆ నేరమునకు శిక్షగా మారువడ్డన తప్పదు. నిందించినను వడ్డనయే, స్తుతించినను వడ్డనయే యైన దేశమున రుచినిర్ణయ శాస్త్రము ఎట్లు వర్ధిల్లును? వెల యిచ్చి తిన్నవానికే దోషమెన్ను హక్కు కలదనియు, ఆ పదార్థము మన మేనత్తలు వండనిదైనచో ఆ హక్కు నిష్కంటకముగ నుండుననియు ఆలోచించి, నేను ఏ ఊరు పోయినను నూడుల్సును పరీక్షించుట వ్రతముగ పెట్టుకొంటిని.

మన యిండ్లలో ఆ జాతి వంటకము లేదనరాదు. వినాయక చవితినాడు బియ్యపుపిండిని వేడినీట ఉక్కించి, అరచేతులతో గాని జంతికల గొట్టముతో గాని సన్నని పోగులు తీసి, సగ్గుబియ్యముతో పాటు పాలలో ఉడికించి, దించి కొంత చల్లారిన పిమ్మటనే బెల్లపు పాకము కలిపి (వేడిమీద కలిపినచో పాలు విరుగును) చేయు పాలతాలికలు ఏ దేశపు నూడుల్సునకును తీసిపోవు. కాని నైవేద్యమునకు మార్కులు వేయుట ఎవని తరము? విఘ్నేశ్వరుడు క్షమించిన క్షమించునేమో గాని మా మేనత్త క్షమింపదు.

చీనా దేశమున లాజియా యను చోట, ఉత్పాతములలో కూలిపోయిన యొక ప్రాచీన జనావాసమును త్రవ్వినప్పుడు, బోర్లపడిన మట్టిపాత్ర క్రింద నాలుగువేల యేండ్లనాటి నూడుల్సు కనబడినవనియు, అవి చిరుధాన్యపు పిండితో చేసినవనియు 2005లో పండితులు ప్రకటించిరి. ప్రళయము వచ్చుటచే పాత్ర బోర్లపడెనని వారి సిద్ధాంతము. రుచి నచ్చక బోర్లించిపోయిన ఆదివిమర్శకుని పని యని నా అనుమానము. తరువాతి చరిత్రమును నేను విస్తరింపను. 1958లో జపాను దేశమున మోమోఫుకు ఆండో యను నతడు వేడినీరు పోసినంతనే తినదగిన నూడుల్సును కల్పించుటయు, 1983లో మ్యాగీ మన దేశమున అడుగిడుటయు, నాటినుండి తల్లుల చేతి ఉప్మా పరువు మాసిపోవుటయు లోకవిదితములే.

ఇంతకంటె దగ్గరి చుట్టరికము మనకు బర్మాతో కలదు. మన గోదావరి ప్రాంతపువారు కోరంగి రేవున ఓడలెక్కి పొట్టకూటికై 'రంగము' పోవుచుండిన కాలమున, అచ్చటివారు వీరిని ఆ రేవు పేరుతో కోరంగీలనియే పిలిచెడివారు. 1960 తరువాతి దశకమున బర్మానుండి తరలివచ్చిన భారతీయులు తెచ్చిన 'అత్తో' యను వంటకము నేటికిని చెన్నపట్నమున బర్మాబజారు పరిసరముల బండ్లమీద దొరకును. నారింజవర్ణపు నూడుల్సులో క్యాబేజీ తురుమును, ఉల్లిపాయలను, వేయించిన వెల్లుల్లిని, చింతపండు పులుసును, నలిపిన కరకరలాడు బజ్జీని చేర్చి, గరిట జోలికి పోక చేతితోనే కలిపి యిత్తురు. ప్రక్కన అరటిదూటతో కాచిన చారు. నేను నిస్సంకోచముగ ప్రథమశ్రేణి నిచ్చితిని. రావులపాలెము మార్కెట్టునకు గెలలు తోలి దూటను తోటలోనే వదలివచ్చు మనవారు ఆ చారు నొక్కమారు త్రాగవలెను.

ఇక స్వదేశము. అమలాపురమున గడియార స్తంభము చెంత దీపములు వెలుగువేళకు ఫాస్ట్‌ఫుడ్ బండ్లు బారులు తీరును. ముందుగనే ఉడికించి, చన్నీట కడిగి, అంటుకొనకుండ నూనె రాసి తట్టలో పరచిన నూడుల్సును బండివాడు పిడికెడు తీసి, బ్లోయరు పొయ్యి హోరుమను కళాయిలో వేసి, సోయాసాసు చిలికి, గరిటతో కళాయి అంచును ఠంగుమని కొట్టును. ఆ మ్రోత వంటకు ఏమాత్రమును అవసరము లేదు. అది లేని బండియొద్ద నేను నిలువను. నా పరీక్ష సులభమైనది. చెంచాతో ఎత్తినప్పుడు పోగులు దేనికది జారవలెను, తిన్న పిమ్మట పళ్ళెమున నూనె మడుగు కనబడరాదు. అమలాపురము ఉత్తీర్ణమైనది. రాజోలులో మిరియపుపొడి పరిమాణము దాతృత్వమువలె అపారము. కన్నీరు తుడుచుకొనుచు ద్వితీయశ్రేణి నిచ్చితిని, బండివాడు చిన్నబుచ్చుకొనక చిల్లర లెక్కించి యిచ్చెను. చూచితిరా, వెల యిచ్చుటలోని సుఖము!

కొత్తపేటలో మాత్రము శాస్త్రము చెడినది. పళ్ళెములోనివి ముద్దకట్టి యొక్కటిగ లేచుచున్నవి. క్యాబేజీ పచ్చిగ నున్నది. సాసు ఒక మూలనే నిలిచినది. ఇంత స్పష్టముగ తప్పిన అభ్యర్థి నాకు దొరకుట అరుదు గనుక, తీర్పు చెప్పుటకు ఉత్సాహముతో గొంతు సవరించుకొని జేబులో చేయి పెట్టితిని. అంతలో బండివాడు నన్ను తేరిపారజూచి, "ఆయ్, తమరు మా వాడపాలెం అల్లుడుగారు కదండీ! తమ పెళ్ళిలో వడ్డించింది నేనేనండీ బాబూ" అనెను.

నేను నోటు చేత పట్టుకొని బ్రతిమాలితిని. నాకు కావలసినది నూడుల్సు కాదనియు, హక్కనియు అతనికి తెలియుటెట్లు? "భలేవారండీ, తమ దగ్గర డబ్బులు పుచ్చుకుంటే ఊళ్ళో నన్ను బతకనిత్తారేంటండీ? అది సరేగానండీ, ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండముగ నున్నది" అంటిని.

అతని ముఖము వికసించినది. తట్టలో మిగిలినదంతయు కళాయిలోనికి దింపి, రెండు గుడ్లు కొట్టి, అంచును మునుపటికంటె గట్టిగ మ్రోగించి, పొట్లము కట్టి నా చేతిలో పెట్టుచు, "ఇది తమ అత్తగారికండీ ఆయ్. ఆవిడెప్పుడూ మా బండిది తినలేదండీ. తిన్నాక ఏవన్నారో తమరే అడిగి చెప్పాలండీ" అనెను.