అడ్మిన్లకు మాత్రమే

"డౌట్లుంటే మొహమాటపడకుండా అడగండమ్మా" అని మాస్టారు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. దాని కిందే ఫోను తన మాట తాను చెప్పేసింది: ఈ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరు.

2020లో కరోనా పుణ్యమా అని జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ల పిల్లలు ఏకలవ్యులైపోయారు. ఏకలవ్యుడికి మట్టిబొమ్మైనా కళ్లెదుట ఉంది. వీళ్లకి నల్లతెర, దాని నడుమ సారు పేరులో మొదటి అక్షరం. "నా మాట వినపడుతోందా?" అని సారు పదిసార్లు అడిగి, "వినపడుతోంది సార్" అనేలోపే అందర్నీ మ్యూట్‌లో పెట్టేవారు. సప్తగిరి ఛానల్లో వచ్చిన 'విద్యా వారధి' పాఠాలే నయం. టీవీకి చెవులుండవని అందరికీ తెలుసు.

దూరవిద్యలో దూరమంటే కిలోమీటర్లు కాదు, గురువుకీ విద్యార్థికీ మధ్య మాటామంతీ తగ్గేకొద్దీ పెరిగేదే దూరం అని అమెరికా పండితుడు మైఖేల్ మూర్ ఏనాడో తేల్చాడు. హైవే మీద నందిగామ నుంచి జగ్గయ్యపేటకి బస్సులో గంట కూడా పట్టదు. ఆయన లెక్కన మాత్రం నందిగామలో సారుకీ పేటలో పిల్లకీ నడుమ సముద్రమే.

2022 డిసెంబరు 21, అప్పటి ముఖ్యమంత్రిగారి పుట్టినరోజు. ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి బైజూస్ పాఠాలు కుక్కిన టాబ్‌లు 5 లక్షలకు పైగా పంచడం మొదలైంది. అందులో టీచరమ్మ ఎంత మంచిదో! కసరదు, బెత్తం ఎత్తదు. నవ్వుతూ "అర్థమైందా?" అంటుంది. కాలేదన్నా అదే నవ్వు. (2024లో ఆ కంపెనీయే దివాలా కేసులో పడింది. నవ్వు మాత్రం మెమరీ కార్డులో భద్రం.)

మిరప కోతల నుంచి వచ్చి, అన్నం తిని పాఠం చూసిన ఓ పిల్ల ఉందనుకోండి. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో తెలీక సారుకి విడిగా వాయిస్ మెసేజ్ పెట్టింది. నీలం టిక్కులు పడ్డాయి. మూడోనాడు జవాబు: "వీడియో మళ్లీ చూడమ్మా." చూసింది. వీడియో ఆడిన మాట తప్పదు కదా, మళ్లీ అదే చెప్పింది.

సారునీ ఏమంటాం? ముఖం చూపించి హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, అప్పట్లో అన్నిటికీ యాప్‌లే. మరుగుదొడ్డి క్షేమసమాచారం పైవాళ్లకి చేరేది, పిల్ల డౌటుకే ఏ యాప్‌లోనూ గడి లేదు. ఆ పిల్ల ప్రశ్నని చీటీ మీద రాసి మరుగుదొడ్డి తలుపుకి అంటించి ఉంటే ఫొటోలో పడి అమరావతి దాకా వెళ్లేది, కనీసం సంజాయిషీ నోటీసైనా వచ్చేది. ప్రభుత్వం మారాక 2024లో మరుగుదొడ్ల ఫొటోల బాధ తప్పించారు. డౌటుకి ఆ దారీ మూసుకుపోయింది.