పిడి బాధితుల మహజరు

సాటి బాధితులారా! మీరెవరో నాకు తెలియదు గానీ, మీ కుడిచేతి చూపుడువేలు మొదట్లో కాచిన కాయ నాకు బాగా తెలుసు. అది ఉల్లిపాయలు తరగడం వల్ల వచ్చింది కాదు. ఉల్లిపాయ మెత్తనిది, దానికి ఎవరి మీదా పగ లేదు. మీ చేతికి పట్టని పిడి చేసిన ఘనకార్యం అది. దాన్ని చూసి మీ ఇంట్లో ఎవరూ నొచ్చుకోలేదు, ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించలేదు, పత్రికలో జిల్లా పేజీ చివర రెండు ముక్కలైనా రాలేదు. ఉల్లిపాయకైతే అందరూ ఏడుస్తారు.

నేనుండేది సాలూరు. ఇనుముకి గానీ సుత్తికి గానీ కరువున్న ఊరు కాదిది. విజయనగరం నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి, పెద్దవాళ్ల నోట్లో ఇంకా 43, మా ఊరి మీదుగానే పోతుంది. సుంకి ఘాట్ ఎక్కబోయే లారీ, దిగొచ్చిన లారీ, ఎక్కలేక చతికిలబడ్డ లారీ, అన్నీ ఇక్కడే ఆగుతాయి. బాడీ కట్టేవాళ్లు, వెల్డింగు పెట్టేవాళ్లు, కమాను పట్టీలు మార్చేవాళ్లు, వెనకాల నెమలి బొమ్మ వేసేవాళ్లు, ముందు నిమ్మకాయలు కట్టేవాళ్లు, ఒకరని కాదు. డ్రైవరు అరచెయ్యి నొప్పెట్టకుండా స్టీరింగుకి మెత్తటి తొడుగు కూడా కుడతారు. ఇంతటి పారిశ్రామిక కేంద్రంలో ఒక గృహస్థు పిడికిట్లో కుదురుగా కూర్చునే పిడితో కత్తి దొరకదు. గృహస్థుకి పది చక్రాలు లేవు కదా.

బజారులో ఉన్న సరుకు మీరూ చూసే ఉంటారు. అట్టకి కుట్టి వేలాడదీసిన ప్లాస్టిక్ పిడి చాకు ఒకటి, ఎరుపో పసుపో. దాన్ని పట్టుకుంటే మూడు వేళ్లకే ప్రవేశం. చిటికెన వేలు నిర్వాసితుల జాబితాలో చేరి గాల్లో వేలాడుతుంది. పోనీలే అని కాస్త ఖరీదు పెడితే నిలువెల్లా స్టీలుతో తళతళలాడేది చేతిలో పెడతారు. పిడి కూడా స్టీలే, లోపల బోలు, పైన నున్నన. కొట్లో పొడి చేత్తో పట్టుకుంటే రాజసం, ఇంట్లో తడి చేత్తో పట్టుకుంటే చేపపిల్ల. ఇంకాస్త ఖరీదు పెడితే చెక్క పిడికి మూడు రివిట్లు. ఆ రివిట్ల తలలు చెక్క మీద వెంట్రుకవాసి పైకి లేచి ఉంటాయి. కంటికి కనపడవు, అరచేతికి రోజూ కనపడతాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫొటోలో ఖడ్గం, పెట్టె విప్పితే నిమ్మకాయ కూడా భయపడదు. ‘ఇదేమిటయ్యా, పట్టు కుదరట్లేదు’ అంటే కొట్టు యజమాని కత్తి వంక చూశాడు, నా చెయ్యి వంక చూశాడు, దోషం ఎక్కడుందో తేల్చేశాడు. ‘అలవాటైపోద్ది బాబూ’ అన్నాడు. కత్తికి కాదు, నాకు.

నా ఆత్మగౌరవం అసలు దెబ్బతిన్నది ఆ తర్వాత. నాలుగు కొట్ల అవతల గాజుల కొట్టు. మా ఆవిడ చెయ్యి చాపగానే గాజులామె దాన్ని ఒక్కసారి నొక్కి చూసి, టేపు లేకుండా, కళ్లజోడు లేకుండా, ‘రెండు ఆరు’ అని తీర్పు చెప్పేసింది. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది! అంగుళాన్ని పదహారు వంతులు చేసి మరీ పెట్టిన కొలతలు. పసిపిల్ల చేతికీ ఉంది కొలత, బామ్మ చేతికీ ఉంది. చెప్పుకి నంబరు, చొక్కాకి నంబరు, ఉంగరానికి నంబరు. ముట్టుకుంటే చిట్లే గాజుకి ఇంత శాస్త్రముంటే, ముట్టుకుంటే మనిషే చిట్లే కత్తికి మాత్రం శాస్త్రమంతా ఒక్కటే మాట. అలవాటైపోద్ది.

దేశంలో చేతుల కొలతలు లేక కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే భారతీయుల శరీర కొలతలన్నీ ఒక పుస్తకంగా వేసింది. దేబ్‌కుమార్ చక్రబర్తి కూర్చిన గ్రంథం. సామాను తయారుచేసేవాళ్లు మనిషిని చూసి చెయ్యాలని. ఆ గ్రంథరాజం అహ్మదాబాద్‌లో బయలుదేరి, రామభద్రపురం జంక్షన్ దాకా వచ్చి, సాలూరు బస్సు అందక అక్కడే ఆగిపోయినట్టుంది.

అసలు మన జాతికి మొదట్నుంచీ పిడి అంటే చులకన. పక్కనే ఉన్న బొబ్బిలినే తీసుకోండి. 1757 జనవరి 24న కోట కూలింది. తర్వాత ఒక రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజుని కత్తితో పొడిచాడు. నేను విన్న బుర్రకథలన్నిట్లో ఆ కత్తి మెరిసింది, మెరుపై దిగింది, నెత్తురు తాగింది. పిడి ఊసే లేదు. అంత చీకట్లో, అంత చెమట చేతిలో, ఆ కత్తి జారకుండా పనిచేసిందంటే దాని పిడి చెక్కినవాడికి చరిత్రలో ఒక అధోజ్ఞాపిక అయినా దక్కాలా వద్దా? గుమ్మెట మీద చిన్న దెబ్బయినా దక్కలేదు.

చట్టానిదీ అదే చూపు. 9 అంగుళాల కన్నా పొడుగో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తి ఆయుధాల నిబంధనల జాబితాలోకి ఎక్కుతుంది. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేయించుకున్నదైతే మినహాయింపు. అంటే కోసే వైపు గురించి ఢిల్లీలో కూర్చుని అంగుళం అంగుళం ఆలోచించారన్నమాట. పట్టుకునే వైపు ఎంత పొడుగుండాలి, ఎంత లావుండాలి, తడి చేతిలో ఎలా ప్రవర్తించాలి, ఏ షెడ్యూల్లోనూ లేదు. ఎదుటివాడి ప్రాణాలకి చట్టం కాపలా ఉంది. పట్టుకున్నవాడి వేళ్లకి పసుపుంది.

పూర్వీకులు మనకన్నా గడుసువాళ్లు. ఈ పిడి తగాదా ఎప్పటికీ తేలదని గ్రహించి కత్తిని చెక్కకి బిగించేశారు, ఆ చెక్కని కాలికింద తొక్కిపెట్టారు. కత్తిపీట ముందు కూర్చున్న మా అమ్మమ్మకి పిడి కొలతతో పనేముంది? కత్తి కదలదు, కాయే కదులుతుంది. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి కాబట్టి తోటకూర దగ్గర్నుంచి బూడిదగుమ్మడి దాకా ఒకే మర్యాద. అంతటి మహత్తర పరిష్కారాన్ని వదిలేసుకున్నాం. వంటగట్టు వచ్చింది, గట్టుతోపాటు నిలబడటం వచ్చింది, నిలబడి నిలబడి మోకాళ్ల నొప్పులు వచ్చాయి, ఇప్పుడు కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. మా కత్తిపీట భద్రంగా అటక మీద ఉంది. దాన్ని దించడానికీ మోకాళ్లే కావాలి.

ఇక గత్యంతరం లేక కొలిమికి వెళ్లాను. లారీల ఊళ్లో ఉన్నందుకు ఒక్క లాభం, విరిగిన కమాను పట్టీలు. ఘాట్ రోడ్డు ఎక్కీ దిగీ నడుం విరిగిన లారీ కింద నుంచి ఊడదీసిన ఆ పట్టీ మేలైన ఉక్కు. నూటికి అర పాలు పైచిలుకు కర్బనం ఉంటుంది కాబట్టి ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, మళ్లీ సన్నసెగ చూపిస్తే పెళుసు విరుగుతుంది. కమ్మరి ముక్కని పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టాడు, కొడుకు సమ్మెట ఎత్తాడు. నారింజ రంగు ముదురు ఎరుపులోకి దిగేలోగా వెన్నేదో వాదరేదో తేలిపోయింది. చివర నాలుగు వేళ్ల పొడుగున సన్నటి తోక లాగి, నీళ్లలో ముంచి, కాసేపు సెగ మీద పెట్టి, సానపట్టి, ఇక పట్టుకెళ్లమన్నట్టు నా ముందు పడేశాడు. కత్తికి ఏ లోటూ లేదు. పిడి తప్ప.

‘పిడేదయ్యా?’ అన్నాను.

‘పిడి నానెలాగ సేత్తాను బాబూ? సెయ్యి మీది గాదేటి? కొండ మీంచి దిగొచ్చినోలు ఇనుమే అట్టుకెల్తారు. పిడి ఆల ఇంటికాడ ఆలే ఏసుకుంటారు. మీ బజారోల్లే అడుగుతారు, పిడీ పిడీ అని.’

పాచిపెంట వైపు కొండల మనిషిలా ఉన్న ఒకాయన పక్కన నిలబడి ఉన్నాడు. మా సంభాషణ విని జాలిపడి, నడుముకున్న కత్తి తీసి నాకిచ్చాడు. చూడటానికి ఏమీ లేదు. నల్లబడ్డ చెక్క. రంగు లేదు, రివిట్లు లేవు. కింది వైపు మాత్రం నాలుగు వేళ్లకి నాలుగు పల్లాలు పడ్డాయి, ఎవరూ చెక్కినవి కావు, ఏళ్ల తరబడి పట్టుకోగా అరిగి పడ్డవి. బొటనవేలు ఆనే చోట నూనె పెట్టిన గచ్చు నునుపు. ఆశగా నా గుప్పిట బిగించాను. నాకు ఒక్క వేలూ కుదరలేదు. అంత నిఖార్సుగా అది ఆయనది. నాకు ఒక క్షణం ఈర్ష్య కలిగింది. ఇంకా తగ్గలేదు.

వాళ్లిద్దర్నీ గుచ్చి గుచ్చి అడిగి రాబట్టింది మీకు ఉచితంగా చెబుతున్నాను. గుప్పిట బిగిస్తే వేళ్ల కొసలు బొటనవేలి కింద కండని ఊరికే తాకాలి. గుచ్చుకుంటే పిడి సన్నం, అందకపోతే లావు. పొడుగు మీ అరచేతి వెడల్పు మీద అటో వేలెడు, ఇటో వేలెడు. గుండ్రంగా ఉండకూడదు, కోలగా ఉండాలి. కోల పిడి అయితే కళ్లు మూసుకున్నా వాదర ఎటుందో చేతికి తెలుస్తుంది. గుండ్రటిది గుప్పిట్లోనే తిరిగి, మనం వంకాయ కోస్తున్నామనుకుంటుంటే అది తన ఇష్టం వచ్చింది కోస్తుంటుంది. చివర కాస్త ఉబ్బు ఉండాలి, లాగేటప్పుడు జారకుండా. తోకని కాల్చి చెక్కలోకి సగానికి పైగా దించి, సందులో లక్క కరిగించి పోసి, నోటి దగ్గర పొన్ను బిగించాలి, లేకపోతే చెక్క చీలుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పట్టు చూసేటప్పుడు చేతికి నూనె రాసుకోవాలి. ఏ కొట్టువాడు రాసుకోనిస్తాడో కనుక్కుని నాకూ చెప్పండి.

నూనె దేనికంటారా? పనసకాయకి. కొత్త కత్తి వస్తోందన్న ధీమాతో ఆ రోజే సంతలో ఒక పనసకాయ కొన్నాను, ఆవపెట్టి కూర చేయించుకుందామని. పనసకాయ కొట్టినవాళ్లకి తెలుసు దాని స్వభావం. నూనె రాయకపోతే పాలు జిగురై కత్తి కాయలోనే ఉండిపోతుంది. నూనె రాస్తే కత్తి బయటికొస్తుంది గానీ చేతిలో ఉండదు. ఈ జిగురుకీ జారుడుకీ మధ్య గృహస్థుకున్న ఏకైక రాజ్యాంగ రక్షణ పిడి. అది నా దగ్గర లేదు.

చెక్క తేలిగ్గానే దొరికింది. లారీ బాడీ కట్టే షెడ్డులో అడిగితే తుమ్మ చేవ ముక్క ఒకటి విసిరారు. వడ్రంగి కూడా ఒప్పుకున్నాడు, చెయ్యి కొలత ఇమ్మన్నాడు. అక్కడ పుట్టింది సంక్షోభం. ఎవరి చెయ్యి?

మా ఇంట అఖిలపక్ష సమావేశం జరిగింది. నా అరచెయ్యి చాపి, దాని వైశాల్యాన్ని, ఇంటి పెద్దగా దాని హోదాని సభ దృష్టికి తెచ్చాను. మా అమ్మ అటక మీది కత్తిపీట దించమంది. ఏనాడూ కత్తి ముట్టని మా అబ్బాయికి పిడి బరువు ఎక్కడ తూగాలో ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి. మా ఆవిడ అంతా విని, రెండు ఆరు గాజుల చెయ్యి గట్టు మీద ఆనించి, ‘ఏమండీ, ఏడాదికో పనసకాయ కొట్టే చేతికి పిడి చెక్కిస్తారా, రోజూ రెండు పూటలా తరిగే చేతికా?’ అంది. ఇలాంటి విషయాల్లో తొందరపాటు తగదని, ఉపసంఘం వేసి సమగ్రంగా అధ్యయనం చేద్దామని సూచించాను. నా సూచనకి మద్దతిచ్చినవారు లేరు.

మా నెత్తిమీద కొండల్లో కొఠియా ఊళ్లున్నాయి. అవి ఆంధ్రవా ఒడిశావా అన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథ స్థితి అన్నారు. తగాదా ఇప్పటికీ తెగలేదు. ప్రస్తుతం మా వంటింట్లోనూ అదే అమల్లో ఉంది. కత్తి, తోకకి పాత తువ్వాలు పీలిక చుట్టుకుని, ఇద్దరి అధికార పరిధిలోనూ గట్టు మీద. తుమ్మ ముక్క కిటికీలో. వడ్రంగి కనపడినప్పుడల్లా కొలత అడుగుతున్నాడు, నేను వేరే సందులోంచి వస్తున్నాను. గట్టు కింద పనసకాయ మాత్రం ఏ ఉత్తర్వునీ లెక్కచెయ్యలేదు. పండిపోయింది.