అట్టముక్కల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏమ్‌రా, గా అట్టముక్కలు దాస్కుంటవా, అమ్ముకుంటవా? దసరలోపట తెంపకుంటె చిత్తుకాగితాలోనికేస్త, సూడు."

అవతారిక: నాగపూర్ రహదారి మీది అత్వెల్లిలో, ఇంటికి సున్నం వేసే వేళ సజ్జ మీది రేకుపెట్టె దించగా, అందులోని ట్రంప్ కార్డులను చూసి ఒక తల్లి కొడుకుతో పలికిన వాక్యమిది. కాళిదాసుకు సంజీవని రాసిన మల్లినాథసూరి మనకు పొరుగువాడే, మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం.

ప్రతిపదార్థం: గా = ముట్టుకోవడానికి కూడా మనసొప్పని; అట్టముక్కలు = హల్క్ హొగన్, అండర్‌టేకర్, యోకోజునా మొదలగు మల్లుల బొమ్మలూ, వాటి కింద ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలతలూ గల కార్డులు; దాస్కుంటవా = ఇంకో ముప్పై ఏండ్లు నా సజ్జ మీదనేనా; అమ్ముకుంటవా = కొనే పిచ్చివాడు దొరికాడా; చిత్తుకాగితాలోనికి = కిలో లెక్కన తూచేవానికి; సూడు = దీని మీద అప్పీలు లేదు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: మూలంలో లేని ఇంకో దారిని కొడుకు కల్పించాడు, "గ్రేడింగుకు పంపుత" అని. గ్రేడింగ్ అనగా కార్డు మూలలు, అంచులు, నునుపు, బొమ్మ సరిగ్గా నడుమ అచ్చయిందా లేదా చూసి, పదికి ఇన్ని అని మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇవ్వడం. 1991లో మొదలైన అమెరికా సంస్థ పీఎస్‌ఏ ఇందులో పెద్ద పేరు. వాళ్లు మొట్టమొదట మార్కు వేసింది హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి సిగరెట్ కార్డుకు. ఎనిమిది వచ్చింది. దాని అంచులు తానే కత్తిరించానని వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. ఇది అపహ్నుతి అలంకారం.

మన కార్డులకు ఆ కత్తెర కూడా చాలదు. "బరువు!" అని అరిచి యోకోజునాను నేలకేసి కొట్టిన పిల్లవాడి కార్డుకు మూలలెక్కడివి? లాగు జేబులో నలిగి, రబ్బరు బ్యాండు కింద నడుము వంగినవవి. పార్సిలు ఖర్చూ రుసుమూ కలిస్తే కార్డు ధర దాటుతుంది. డబ్బా మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అని, ఆ మల్లుల కంపెనీకి 2002లో మారిన పాత పేరు ఉన్నంత మాత్రాన కొనేవాడు పుట్టుకురాడు. కనుక మా పక్షం ఇది: గ్రేడింగ్ వద్దు, డబుల్ వచ్చినవి అడిగినవాడికి అమ్మాలి, నిండు కట్ట ఒకటి ఉంచాలి. నిండు కట్టతోనే ఆట సాగుతుంది.

ఇక చిత్తుకాగితాలోని మాట. దీన్ని ఉత్త బెదిరింపుగా చదివేవారు పామరులు. 1952 నాటి బేస్‌బాల్ కార్డులు అమ్ముడుపోక గోదాములో పేరుకుపోతే, 1960లో వాటిని పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించానని టాప్స్ కంపెనీ మనిషి సై బెర్గర్ చెప్పుకున్నాడు. ఆ వరసలోని మిక్కీ మాంటిల్ కార్డొకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లు పలికింది. దాచినవాడు ధరను అనుభవిస్తాడు గాని, పెంచేది పారబోసేవాళ్లే. ఈ న్యాయం ప్రకారం మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ప్రతి ఇంటా ఇలాంటి తల్లి ఉండాలి, ఈ ఒక్క ఇంట్లో తప్ప. ఈ గూఢార్థాన్ని మూలకర్త్రికి వినిపించే ధైర్యం వ్యాఖ్యాతకు లేదు. "అట్లైతె మనింటికెల్లే మొదలువెడ్త" అని సంచి తెస్తుంది.